లద్దె మీద పండిన నగరం

నగరం తన కూరగాయలు తానే పండించుకోవాలన్న ఆలోచన ఈ శతాబ్దంలోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. పత్రికల్లో అచ్చయ్యే ఫొటోలు చూస్తే అలాగే అనిపిస్తుంది: కిటికీలు లేని గోదాము, నేల నుంచి కప్పు దాకా వరసగా అరలు, ఊదారంగు దీపాల వెలుగులో మట్టి అంటని లెట్యూస్ ఆకులు. గత 15 ఏళ్లలో ఈ వర్టికల్ ఫార్మ్‌ల మీద వందల కోట్ల డాలర్లు కుమ్మరించారు. వాటిలో పెద్ద పేరున్నవే వరసగా పడిపోయాయి. 2013లో బెర్లిన్‌లో మొదలైన ఇన్‌ఫార్మ్ 2022 నవంబరులో సుమారు 500 మంది ఉద్యోగులను తీసేసి, మరుసటి ఏడు దివాలా తీసింది. న్యూజెర్సీలోని నెవార్క్‌లో పాత ఉక్కు కర్మాగారాన్ని పొలంగా మార్చిన ఏరోఫామ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. బవరీ 2024 నవంబరులో మూతపడింది. ప్లెంటీ 2025 మార్చిలో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. వడ్డీలు పెరిగాయని, ఉక్రెయిన్ యుద్ధంతో కరెంటు ధరలు ఎగిశాయని, కంపెనీలు తాహతుకు మించి విస్తరించాయని విశ్లేషకులు చెప్పారు. అన్నీ నిజమే. అయితే రోగం ఎప్పుడు ముదిరిందో అవి చెబుతాయి గాని, అసలెందుకు వచ్చిందో చెప్పవు. అది తెలియాలంటే 180 ఏళ్లు వెనక్కి, పారిస్ కూరగాయల తోటల్లోకి వెళ్లాలి. నగరంలో సేద్యం ఎక్కడ తరాల తరబడి నిలిచిందో అక్కడ అది నగరం పారబోసిన దాన్ని తిని బతికింది. నగరంలో వెల పెట్టి కొనాల్సిన సరుకు మీద ఆధారపడిన సేద్యం మాత్రం నిలదొక్కుకోలేకపోయింది. నా వాదన ఇదే.

1845లో జె. జి. మోరో, జె. జె. డావెర్న్ అనే ఇద్దరు పారిస్ తోటమాలులు తమ వృత్తి గురించి ఒక పుస్తకం రాశారు. పండితులు కారు, సొంత చేతులతో మడులు చేసినవాళ్లు. వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి పారిస్‌లోనూ దాని అంచులలోనూ సుమారు 1,400 హెక్టార్లలో కూరగాయల తోటలుండేవి. వాటిని 1,800 మంది తోటమాలులు నడిపేవారు. ఇంటివాళ్లు, కూలీలు కలిపి 9,000 మంది బతికేవారు. సగటున ఒక్కో తోట హెక్టారుకు తక్కువే, రెండెకరాలకు కాస్త దగ్గర. నగర విస్తీర్ణంలో దాదాపు ఆరో వంతు ఈ తోటలదే. 1977లో జి. స్టాన్‌హిల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వ్యవస్థను తిరిగి లెక్కగట్టి, ఏటా లక్ష టన్నులకు పైగా కూరగాయలు ఇక్కడ పండేవని తేల్చాడు. అందులో ఎక్కువ భాగం కాలం కాని కాలంలో వచ్చే సలాడ్ ఆకులు. ఒక్కో మడిలో ఏడాదికి 3 నుంచి 6 పంటలు తీసేవారు. యంత్రాలు, రసాయన ఎరువులు వాడే నేటి పొలాల్లో చాలా వాటికి ఈ దిగుబడి సాధ్యం కాదు. డీజిల్ లేదు, కరెంటు లేదు, యూరియా బస్తా లేదు. ఉన్నదల్లా గుర్రపు లద్దె. పారిస్‌లో బళ్లు లాగే గుర్రాల కొట్టాల నుంచి ఏటా దాదాపు పది లక్షల టన్నుల పెంట వచ్చి ఈ మడుల్లో పడేది.

ఆ లద్దెను వాళ్లు వాడిన తీరు దగ్గరగా చూడదగినది. ఎరువుగా వాడటం రెండో ఉపయోగం, మొదటిది వేడి. గడ్డితో కలిసిన పచ్చి లద్దెను పాత లద్దెతో కలిపి, పొడుగాటి మడిగా పేర్చి, కాళ్లతో తొక్కి, నీళ్లు చల్లేవారు. రెండు మూడు రోజుల్లో అది లోపలి నుంచి మరిగేది. మొదటి ఉడుకు కాస్త తగ్గాక, బాగా మాగిన మెత్తటి ఎరువు మట్టిని దాని మీద పరిచి, గాజు చట్రాలు కప్పి, విత్తనాలు వేసేవారు. బయట మంచు కురుస్తున్నా లోపల నారు మొలిచేది. వారాలు గడిచి వేడి తగ్గుతుంటే మడిని కదిలించకుండా చట్రాల చుట్టూ ఉన్న కాలిబాటల్లో కొత్త లద్దె కూరి మళ్లీ వేడెక్కించేవారు. విడి మొక్కలకు గంట ఆకారంలో ఉండే గాజు గుల్లలు బోర్లించేవారు. 1840ల నాటికి ఈ తోటల్లో అలాంటి గాజు గంటలు 20 లక్షలకు పైనే. ఎండ ఎక్కితే మూడు గాట్లున్న చెక్కముక్కను అంచు కింద పెట్టి, గాలి ఎంత కావాలో అంత వచ్చేట్టు ఎత్తేవారు. రాత్రి చలికి రై గడ్డితో అల్లిన చాపలు కప్పి, పొద్దున్నే చుట్టేసేవారు. ఒకే మడిలో ముల్లంగి, క్యారట్ చల్లి, వాటి మధ్య లెట్యూస్ నాటి, అది కోతకు వచ్చేలోగా కాలీఫ్లవర్ నారు దించేవారు. ముల్లంగి మొదట పోతుంది, లెట్యూస్ తర్వాత, క్యారట్ ఆ తర్వాత. చివరికి ఆ చోటంతా కాలీఫ్లవర్‌ది. నేలను నిట్టనిలువునా పేర్చలేకపోయినా, కాలాన్ని పొరలు పొరలుగా పేర్చారు.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది మట్టి. ఏటేటా చివికిన లద్దె నల్లటి మట్టిగా మారి పోగుపడేది. రష్యన్ అరాజకవాది క్రొపోట్కిన్ తన ‘పొలాలు, కర్మాగారాలు, పనిశాలలు’ అనే అర్థం వచ్చే గ్రంథంలో పోన్స్ అనే తోటమాలి లెక్కలు ఇచ్చాడు. 2.7 ఎకరాల్లో అతను ఏటా తీసిన కూరగాయలు సుమారు 113 టన్నులు. ఒక్క సలాడ్ ఆకుల మొక్కలే లక్షా 54 వేలు. ఆ తోటలో మట్టి ఎంత పెరిగేదంటే, మడులు మరీ ఎత్తు కాకుండా ఏటా కొంత అమ్మేయాల్సి వచ్చేది. కౌలు పత్రాల్లో తోటమాలులు ఒక షరతు రాయించుకునేవారు: ఖాళీ చేసేటప్పుడు ఫలానా లోతు వరకు మట్టిని తవ్వి పట్టుకుపోయే హక్కు మాది. భూమి యజమానిది, ఆ భూమి మీద తయారైన మట్టి రైతుది. స్టాన్‌హిల్ అంచనా ప్రకారం, ఇలా మిగిలే మట్టితో సాగు విస్తీర్ణాన్ని ఏటా 6 శాతం పెంచుకునే వీలుండేది. పంట తీసినకొద్దీ నేల చిక్కిపోతుందన్న భయం ఉన్న కాలంలో, పంట తీసినకొద్దీ నేల పెరిగిన చోటు ఇది.

అయితే ఈ తోటలు పారిస్ కడుపు నింపాయని మాత్రం ఎవరూ అనకూడదు. రొట్టెకు కావలసిన గోధుమ బోస్ మైదానాల నుంచి వచ్చేది. తోటల్లో పండినవి జనవరిలో లెట్యూస్, అందరికంటే ముందొచ్చే కర్బూజా, ముందస్తు క్యారట్. వాటిని కొన్నది డబ్బున్నవాళ్లే. పని కూడా మామూలు చాకిరీ కాదు. రాత్రిళ్లు బండి కట్టుకుని లే హాల్ మార్కెట్టుకు పోవడం, వచ్చేటప్పుడు అదే బండిలో లద్దె నింపుకురావడం, పగలంతా చట్రాలు తీయడం, పెట్టడం. ఆడవాళ్లు, పిల్లలు కలిసి చేస్తేనే గిట్టుబాటు. ఆ శ్రమను పొగిడి ఊరుకోవడం అన్యాయం. నేను చెప్పదలచింది వేరే: ఈ తోట రెండు పనులు చేసింది. కూరగాయలు అమ్మింది; నగరం వదిలించుకోవాల్సిన దాన్ని తీసుకుపోయింది. రోజూ వేల టన్నుల లద్దె వీధుల్లో, కొట్టాల్లో మిగిలిపోతే నగరం బతకలేదు. తోటమాలి మార్కెట్టుకు వచ్చిన బండి ఖాళీగా తిరిగి వెళ్లేది కాదు గనుక ఆ పని రవాణా ఖర్చు లేకుండా జరిగిపోయేది. తోటకు వేడి, ఎరువు, మట్టి మూడూ ఆ ఒక్క లద్దెతోనే వచ్చాయి. ఈ రెండో పనే మొదటి పనిని నిలబెట్టింది.

ఇదే లద్దె పారిస్ నేల కింద కూడా పంట పండించింది. నగరం కట్టడానికి సున్నపురాయి తవ్వి వదిలేసిన గనుల్లో 19వ శతాబ్దం మొదట్లో పుట్టగొడుగుల పెంపకం మొదలైంది. ఏడాది పొడవునా ఒకే చల్లదనం, చెమ్మ, చీకటి. పైనుంచి దింపిన గుర్రపు లద్దె దిబ్బలు. ఇప్పుడు ప్రపంచమంతా తింటున్న బటన్ పుట్టగొడుగుకు ఫ్రెంచివాళ్లు పారిస్ పేరే పెట్టుకున్నారు. సూర్యుడు చొరని చోట పంట తీయడం అసాధ్యం కాదని ఇది చూపిస్తుంది. పుట్టగొడుగుకు వెలుగు అక్కర్లేదు, దాని ఆహారం లద్దెలోనే ఉంది. ఈరోజు కూడా ప్రపంచంలో అన్నిటికంటే విజయవంతంగా, అంతస్తులుగా, గదుల్లో సాగవుతున్న పంట పుట్టగొడుగే. ఊదారంగు దీపాల కంపెనీల కథ రాసేవాళ్లు దీన్ని ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

పారిస్ తోటలు పోవడానికి గుర్రాలే కారణమా అన్న ప్రశ్న న్యాయమైనది. భూమి ధరలు పెరిగాయి. 1860లో పారిస్ చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుంది. నగరాన్ని తిరగ్గట్టించిన అధికారి హౌస్‌మన్ వేయించిన కొత్త వీధులు తోటలను తోసేశాయి. రైలు వచ్చాక దక్షిణ ఫ్రాన్స్ నుంచి, అల్జీరియా నుంచి ముందస్తు కూరగాయలు చవగ్గా దిగాయి. వీటి బలం తక్కువేమీ కాదు. కానీ తోటమాలులు అంతకుముందు కూడా చాలాసార్లు కదిలారు, మట్టిని వెంటబెట్టుకునే కదిలారు. బొబిన్యీ, క్రెతేయ్ లాంటి శివార్లలో మళ్లీ మడులు కట్టారు. రైలుతో పోటీ పడుతూ దశాబ్దాలు నిలిచారు; లండన్‌కు సలాడ్ ఆకులు ఎగుమతి కూడా చేశారు. వాళ్లు కోలుకోలేని దెబ్బ మోటారు బండి రూపంలో వచ్చింది. పారిస్‌లో చివరి గుర్రపు ఆమ్నిబస్సు 1913 జనవరిలో నడిచింది. ఆ తర్వాత లద్దె దూరం నుంచి కొని తెచ్చుకోవాల్సిన సరుకైంది, గాజు చట్రాల కింద వేడి ఖర్చుగా మారింది. ఇంగ్లండులో జరిగింది దీనికి మరో సాక్ష్యం. 1905 తర్వాత అక్కడ ‘ఫ్రెంచి తోటపని’ అనే మోజు పుట్టింది. ఈవ్‌షమ్‌లో, ఎసెక్స్‌లోని మేలాండ్‌లో ఫ్రెంచి తోటమాలులను రప్పించి, అవే చట్రాలు, అవే గంటలు పెట్టి, పుస్తకాలు అచ్చేశారు. విద్య మొత్తం వచ్చింది. నగరం నడిబొడ్డున కొట్టం పక్కనే తోట ఉండే వీలు మాత్రం రాలేదు. గాజు, లద్దె, పనివాడు, అన్నీ డబ్బిచ్చి తెచ్చుకోవాల్సినవే. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఆ మోజు చల్లారింది.

పారిస్ ఒక్కటే అయితే దీన్ని యాదృచ్ఛికం అనుకోవచ్చు. పది లక్షల మంది ఉన్న 18వ శతాబ్దపు ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, చుట్టుపక్కల రైతులు మనుషుల మలాన్ని డబ్బో కూరగాయలో ఇచ్చి కొనేవారు. అద్దెకున్నవాళ్ల మలం మీద హక్కు ఇంటి యజమానిది. దాని ధరల గురించి గ్రామాలు కలిసి అర్జీలు పెట్టుకున్నాయి. కలకత్తాలో 1879 ప్రాంతంలో భవనాథ్ సేన్ ధాపాలోని చదరపు మైలు చెత్త నేలను కౌలుకు తీసుకుని, నగరం పారబోసిన చెత్త మీద కూరగాయలు మొదలుపెట్టాడు. దాని పక్కనే బిద్యాధరి నది పూడిపోయి ఉప్పునీటి చెరువులు ఎండిపోతే, 20వ శతాబ్దంలో చేపల రైతులు మురుగునీటిని ఆ చెరువుల్లోకి మళ్లించుకోవడం నేర్చుకున్నారు. ఈ చెరువులను భేరీలంటారు. లోతు తక్కువ. నీరు పెట్టి కొన్ని రోజులు కదపకుండా ఎండకు వదిలేస్తారు. ఎండకు నాచు పెరుగుతుంది, నాచు వదిలే ప్రాణవాయువుతో మురుగు కుళ్లు విరుగుతుంది, క్రిములు చాలావరకు చస్తాయి. ఆ తర్వాతే చేపలు. గట్ల వెంట గుర్రపుడెక్కను కట్టి ఉంచుతారు. అది అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా ఆపుతుంది, లోహాలను కొంత పీల్చుకుంటుంది. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజినీరు 1980లలో ఇదంతా నమోదు చేసేదాకా, నగరానికి మురుగు శుద్ధి కేంద్రం పని చేస్తున్నది ఈ రైతులేనని ప్రభుత్వానికే స్పష్టంగా తెలియదు. 12,500 హెక్టార్ల ఆ చిత్తడి నేల 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది.

ఇక దీపాల వైపు వచ్చిన దారి చూద్దాం. 1929లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం గెరిక్ మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో టమాటా తీగలను మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లు పెంచి చూపాడు. పత్రికలు పొలాలకు రోజులు చెల్లాయన్నంతగా రాశాయి. ఆ ఉత్సాహాన్ని పరీక్షించడానికి అదే విశ్వవిద్యాలయంలో హోగ్లాండ్, ఆర్నన్ అనే ఇద్దరు పూనుకున్నారు. 1938లో వాళ్లు ప్రచురించిన చిన్న పుస్తకం ఇప్పటికీ హైడ్రోపోనిక్స్ చదివేవాళ్లందరికీ మూలగ్రంథం. అందులోని పోషక ద్రావణం సూత్రాన్ని అందరూ తీసుకున్నారు, ముగింపును మాత్రం వదిలేశారు. మంచి మట్టితో పోల్చినప్పుడు నీటి సేద్యం దిగుబడి ఎక్కువేమీ కాదనీ, పోషకాలు సమృద్ధిగా ఉన్నప్పుడు పంటకు హద్దు గీసేది వెలుతురు లాంటి అంశాలేననీ వాళ్లు తేల్చారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జపాన్‌లోని చోఫూలో అమెరికా సైన్యం 22 హెక్టార్లలో హైడ్రోపోనిక్ తోటలు వేసింది. కారణం గమనించాలి: జపాన్ రైతులు పొలాలకు మనుషుల మలం వేస్తారు గనుక ఆ కూరగాయలు తమ సైనికులకు పనికిరావని సైన్యం భయపడింది. ఎదో నగరాన్ని శతాబ్దాలు శుభ్రంగా ఉంచిన వలయాన్ని తెంచి, దాని స్థానంలో కొని తెచ్చిన లవణాలను పెట్టడమన్నమాట. ఆ భయం ఆరోగ్యరీత్యా తప్పు కాదు. దానికి మళ్లీ వస్తాను. అదే కాలంలో మన దేశంలో, అప్పటి డార్జిలింగ్ జిల్లాలోని కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ ఇసుక, కంకర తొట్లతో, పొడి ఎరువులతో చవకైన ‘బెంగాల్ పద్ధతి’ని రూపొందించాడు. అది నేల లేని పేదలకోసం ఆలోచించిన పద్ధతి. ఎండ కింద, ఆరుబయట.

పొలం మేడెక్కింది వియన్నాలో. 1964 అంతర్జాతీయ ఉద్యాన ప్రదర్శనలో ఓత్మార్ రుత్‌నర్ అనే ఇంజినీరు 41 మీటర్ల గాజు గోపురం నిలబెట్టాడు. లోపల గొలుసులకు వేలాడే మొక్కలు పైకీ కిందికీ తిరుగుతూ, ఎండను వంతులవారీగా పంచుకునేవి. వంతులు వేస్తే పంపకం సమానమవుతుంది గాని ఎండ పెరగదు; లోటును దీపాలతో పూరించాలి. 1970లలో చమురు ధరలు ఎగిశాక ఆ గోపురాల ముచ్చట ముగిసింది. 1999లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డిక్సన్ డెస్పోమియర్ అనే ఆచార్యుడి విద్యార్థులు మన్‌హట్టన్ మేడల మీద పంట వేస్తే ఎంతమందికి సరిపోతుందో లెక్కగట్టారు. జనాభాలో 2 శాతానికి మించలేదు. పైకప్పు చాలకపోతే అంతస్తులన్నీ వాడదామని ఆయన అన్నాడు. 30 అంతస్తుల భవనం 2,400 ఎకరాల పొలానికి సమానమని 2009లో రాశాడు. 2010లో పుస్తకం తెచ్చాడు. అడవులను పొలాల నుంచి కాపాడాలన్న ఆయన తపన నిజమైనది, దాన్ని గౌరవించాలి. లెక్కలో ఆయన చూసింది నేల. లెక్క తప్పింది వెలుగు దగ్గర.

ఈ లెక్క ఎవరైనా వేసుకోగలిగినదే. మంచి సామర్థ్యంతో నడిచే దీపాల పొలంలో కిలో లెట్యూస్‌కు 10 యూనిట్ల దాకా కరెంటు ఖర్చవుతుంది. 2021లో ఈ రంగం మీద జరిగిన సర్వేలో సగటు దాదాపు 39 యూనిట్లు తేలింది, గాజు తోటల్లో అది 5.4 మాత్రమే. ఉత్తమమైన 10 యూనిట్లే తీసుకుందాం. లెట్యూస్‌లో 95 శాతం నీరు. అంటే 10 యూనిట్లకు మనకు దక్కిన అసలు పదార్థం 50 గ్రాములు. కిలో బియ్యంలో అలాంటి పదార్థం 870 గ్రాములు. గడ్డి, ఊక లెక్కలోకి తీసుకోకుండానే 170 యూనిట్లు దాటుతుంది. యూనిట్ 6 రూపాయలనుకుంటే కిలో బియ్యానికి కరెంటు బిల్లే వెయ్యి రూపాయలు. ఇది ముతక లెక్కే, కానీ కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూ ఆల్‌బ్రైట్ గోధుమ మీద వేసిన లెక్క కూడా ఇలాగే తేలింది: ఒక్క రొట్టెకు కరెంటు ఖర్చు 23 డాలర్లు. 2020లో ఆసెంగ్, ఆయన సహచరులు పది అరల గోధుమ పొలాన్ని కంప్యూటర్ నమూనాలో పండించి చూశారు. హెక్టారుకు ఏడాదికి 700 నుంచి 1,940 టన్నులు, అంటే ప్రపంచ సగటుకు 220 నుంచి 600 రెట్లు రావచ్చన్నారు. అదే పరిశోధనపత్రం, ఇప్పటి ధరల్లో ఇది గిట్టుబాటు కాదని కూడా చెప్పింది. మొదటి వాక్యం పత్రికలన్నింటిలో వచ్చింది.

దీపాలు ఏటేటా చవకవుతున్నాయి కదా, కరెంటు సోలార్ నుంచి వస్తే సరిపోదా అంటారు. ఎల్ఈడీలు ఇప్పటికే తమకు పంపిన కరెంటులో సగానికి పైగా వెలుగుగా మారుస్తున్నాయి. ఇంకా మిగిలిన మెరుగుదల కొంచెమే, పది రెట్లు కాదు. సోలార్ ప్యానెల్ తన మీద పడ్డ ఎండలో సుమారు ఐదో వంతును కరెంటు చేస్తుంది, దీపం అందులో కొంత పోగొడుతుంది. ఒక అంతస్తుకు ఎండంత వెలుగు కావాలంటే దాని వైశాల్యానికి కనీసం మూడు రెట్లు ప్యానెళ్లు పరవాలి. లెట్యూస్‌కు అంత వెలుగు అక్కర్లేదు, వరికి కావాలి. పది అంతస్తుల వరి మేడకు కనీసం 30 అంతస్తుల వైశాల్యమంత సోలార్ పొలం ఊరి బయట కావాలన్నమాట. ఆదా అయిందనుకున్న నేల అటు తిరిగి వస్తుంది. నీళ్ల సంగతి నిజమే: ఈ పద్ధతిలో 95 శాతం దాకా ఆదా అవుతుందని కంపెనీలు చెప్పేది నమ్మదగినదే. అయితే మన నీళ్లు తాగుతున్నది వరి, చెరకు, పత్తి. సలాడ్ ఆకు కాదు. జపాన్‌లో స్ప్రెడ్ అనే సంస్థ 2007లో కమెవోకాలో రోజుకు 21,000 లెట్యూస్ మొక్కల కర్మాగారం పెట్టి, కొన్నేళ్ల తర్వాత లాభాల్లోకి వచ్చింది. ఈ వాస్తవాన్ని దాటేయడం తగదు. శుభ్రమైన, ఏడాది పొడవునా ఒకే ధరకు దొరికే ఆకుకు ఎక్కువ వెల ఇచ్చే కొనుగోలుదారులున్న చోట, ఒక్క పంటతో, ఓపికగా నడిపితే ఇది వ్యాపారమవుతుంది. పారిస్ తోటలాగే ఇదీ ఉన్నవాళ్ల కూరగాయే. పారిస్ తోటకున్న రెండో పని దీనికి లేదు. నగరానికి ఇది వదిలించేది ఏమీ లేదు.

సింగపూర్‌కు ఈ సేద్యం అవసరం అందరికంటే ఎక్కువ. తినేదాంట్లో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం. జాక్ ఎన్‌జీ స్థాపించిన స్కై గ్రీన్స్ 9 మీటర్ల చట్రాల మీద తొట్లను నీటి బరువుతో మెల్లగా తిప్పుతూ ఎండలోనే ఆకుకూరలు పండించింది. 2019లో ప్రభుత్వం 2030 నాటికి పోషకావసరాల్లో 30 శాతం దేశంలోనే పండించాలని లక్ష్యం పెట్టుకుని నిధులిచ్చింది. 2024 నాటికి కూరగాయల్లో స్థానిక వాటా దాదాపు 3 శాతం. 2025 నవంబరులో ఆ లక్ష్యాన్ని విరమించుకుని, పీచు, మాంసకృత్తులకు వేరే లక్ష్యాలు పెట్టుకున్నారు. డబ్బు, క్రమశిక్షణ, రాజకీయ సంకల్పం మూడూ ఉన్న చోట ఫలితం ఇది. ఇదే సింగపూర్‌లో 1960లలో గ్రామాల రైతులు వంటింటి మిగుళ్లతో పందులను, వాటి పెంటతో కూరగాయలను పెంచి నగరానికి గణనీయంగా సరఫరా చేశారు. నీటి వనరులు కలుషితమవుతున్నాయని 1984లో పందుల పెంపకాన్ని దశలవారీగా ఆపేయాలని నిర్ణయించారు. కారణం సరైనదే. దాంతో పాటు ఒక వలయం కూడా తెగింది.

ఇక్కడే నా వాదనకు అసలైన అభ్యంతరం ఉంది. పారబోసినది మురికి. మలం వేసిన పొలంలో నులిపురుగులు, కలరా. కర్మాగారాల నీటిలో సీసం, క్రోమియం. ధాపా చెత్తలో ఇప్పుడు ప్లాస్టిక్, బ్యాటరీలు. హైదరాబాద్ దిగువన పీర్జాదిగూడ, కాచవానిసింగారం వంటి ఊళ్లలో మూసీ నీటితో పచ్చగడ్డి, తోటకూర, పాలకూర పండించిన రైతు కుటుంబాలను పరీక్షించిన పరిశోధకులు, వాళ్లలో కొంకిపురుగు బెడద ఎక్కువని గుర్తించారు. ఆ గడ్డితోనే నగరం పాలు తాగింది. ఆ బురదలో వట్టికాళ్లతో నిలబడ్డది వాళ్లు. దీన్ని ఎవరూ ఆదర్శంగా చూపకూడదు. అయితే అదే పరిశోధనలు మరో సంగతీ చెప్పాయి: మూసీ మీద చిన్న ఆనకట్టలైన కత్వల్లో నీరు ఆగి ఆగి పోయేకొద్దీ పురుగు గుడ్లు అడుగున పేరుకుని, కింది ఊళ్లకు చేరేసరికి బాగా తగ్గిపోయాయి. భేరీల్లో ఎండ చేసే పనే ఇక్కడ కత్వ చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు మురుగునీటి సేద్యాన్ని నిషేధించలేదు. ఏ దశలో ఎంత శుద్ధి, ఏ పంటకు ఏ నీరు, రైతుకు ఏ రక్షణ అని అంచెలంచెలుగా చెప్పాయి. కర్మాగారాల నీటిని ఇళ్ల మురుగుతో కలపకుండా ఉంచడం, వండుకు తినే పంటలకే పరిమితం కావడం, కాళ్లకు బూట్లు: ఇవి 30 అంతస్తుల మేడ కన్నా చవక.

నగరం పారబోసేది కాలంతో మారుతుంది. గుర్రాలు తిరిగి రావు. కానీ ఈ రోజు పారిస్ లద్దెకు సాటి రాగలవి ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ చమురుశుద్ధి కేంద్రం వదిలే బొగ్గుపులుసు వాయువును 2005 నుంచి గొట్టాల ద్వారా వెస్ట్‌లాండ్ గాజు తోటలకు పంపుతున్నారు. మొక్కలకు అది ఆహారం, తోటమాలి దానికోసం వేసవిలో గ్యాసు కాల్చనక్కర్లేదు. అక్కడ ఎండ ఊరికే వస్తుంది, వాయువు పక్క కర్మాగారం వదిలేసినది. ఆ తోటలు నిలబడి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఈ మధ్య కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు వరసగా కట్టారు. వాటి నుంచి వచ్చే నీటిలో నత్రజని, భాస్వరం ఇంకా మిగిలే ఉంటాయి. మూసీ వెంట దశాబ్దాలుగా మురుగుతో పంట తీయడం తెలిసిన కుటుంబాలూ ఇంకా ఉన్నాయి, వాళ్ల మడులు మాత్రం ప్లాట్లుగా మారుతూ వస్తున్నాయి. ఆ నీటిలో ఎంత భాగం, ఏ శుద్ధి తర్వాత, ఏ కాలువ గుండా ఆ రైతులకు చేరాలో కాగితం మీద రాసి, వాళ్లకు హక్కుగా ఇవ్వాలి. మూసీ పునరుజ్జీవనం పేరిట గీసే ప్రతి పటంలోనూ నడకదారులతో పాటు ఆ మడులకూ చోటు గుర్తించి ఉండాలి.